బ్యాండ్ నిలిచింది సరే, గ్వానిన్ సంగతి?

ప్రశ్న అడిగినమ్మాయిది చిత్తూరు. తిరుపతిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరం. ఆమె రాసింది క్లుప్తంగా ఇదీ: ప్లాస్మిడ్ డీఎన్ఏని (బాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్ఏ) గామా కిరణాల కింద పెడితే పోగులు తెగుతున్నాయి. మూడు లైసిన్ల పెప్టైడ్ (లైసిన్ అనే అమైనో ఆమ్లం మూడు కలిసిన చిన్న గొలుసు) కలిపితే కోతలు బాగా తగ్గాయి. నడిమి లైసిన్ తీసేసి టైరోసిన్ పెట్టినదాంతో కోతలు అంతగా తగ్గలేదు గానీ, ఎఫ్‌పీజీ అనే ఎంజైమ్ (చెడిన బేస్ దగ్గర డీఎన్ఏని కోసేది) కోసే చోట్లు మాత్రం తగ్గిపోయాయి. ట్రిప్టోఫాన్ పెట్టినదాన్ని రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచితే కోతలు పెరిగాయి. "అతుక్కున్న పెప్టైడ్ డీఎన్ఏని కాపాడుతుందా, కాపాడదా? గైడ్ ఒక్క వాక్యంలో చెప్పమంటున్నారు." చివర్లో ఇంకో మాట కూడా ఉంది. వాళ్ళ పెద్దమ్మకి రేడియేషన్ నడుస్తోందట, ఎవరో పెప్టైడ్ పొడి డబ్బా తెచ్చిచ్చారట, తాగించొచ్చా అని.

పెద్దమ్మ సంగతి ముందు. ఆ డబ్బా పక్కన పెట్టండమ్మా. వైద్యం చేస్తున్న రేడియేషన్ డాక్టరుకి డబ్బా చూపించి, ఆయన సరేనంటేనే తెరవండి. ఎందుకో చివర్లో చెప్తాను. మీ ప్రయోగం అర్థమైతే అది దానంతట అదే అర్థమవుతుంది.

ఇక మీ గైడ్ అడిగిన ఒక్క వాక్యం. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని చేశాను, ఆ ఒక్క వాక్యం నా దగ్గర లేదు. మీకొచ్చిన మూడు ఫలితాలూ సరైనవే. ఒకదానితో ఒకటి పేచీ పడుతున్నట్టు కనిపిస్తున్నాయి గానీ, మూడూ మూడు వేరు వేరు సంగతులు చెప్తున్నాయి. "డ్యామేజ్" అని ఒకే పేరు పెట్టి మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

మొదట నీళ్ళ దగ్గర నుంచి రావాలి. మీ ట్యూబులో డీఎన్ఏ ఎంత? మైక్రోగ్రాముల్లో. మిగిలిందంతా నీళ్ళే. గామా కిరణం తన శక్తినంతా ఆ నీళ్ళలోనే దించుతుంది. నీటి అణువు చిట్లి హైడ్రాక్సిల్ రాడికల్ (జంట లేని ఎలక్ట్రాన్‌తో కనిపించినదాన్నల్లా కొట్టే తునక), నీళ్ళలో తేలే ఎలక్ట్రాన్, కొంచెం హైడ్రోజన్ అణువు పుడతాయి. ఒక జౌల్ శక్తి దిగితే సుమారు 0.28 మైక్రోమోల్ హైడ్రాక్సిల్, ఎలక్ట్రాన్లూ దాదాపు అంతే. డీఎన్ఏకి అసలు శత్రువు హైడ్రాక్సిల్. అది డీఎన్ఏ వెన్నెముకలోని చక్కెర దగ్గర హైడ్రోజన్ లాగేసుకుంటే పోగు తెగుతుంది. బేస్ (డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటి) మీదకెళ్ళి కూర్చుంటే పోగు తెగదు, బేస్ చెడుతుంది. గ్వానిన్ అనే బేస్ ఎనిమిదో కార్బన్ మీద కూర్చుంటే 8-ఆక్సోగ్వానిన్ వస్తుంది, లేదా ఫాపీగ్వానిన్ వస్తుంది. మీ జెల్ (డీఎన్ఏని కరెంటుతో నడిపించి, తెగినదాన్నీ తెగనిదాన్నీ వేరు వేరు బ్యాండ్లుగా విడదీసేది) మామూలుగా చూపించేది పోగు తెగడాన్నే. బేస్ చెడటాన్ని జెల్ చూడలేదు. ఎఫ్‌పీజీ వచ్చి ఆ చెడిన గ్వానిన్ దగ్గర కోస్తేనే అది కోతగా మారి మీ కంటికి కనబడుతుంది. అంటే మీ దగ్గర రెండు లెక్కలున్నాయి: కిరణం కోసిన కోతలు, ఎంజైమ్ కోసిన కోతలు. ఈ రెండూ వేరు ఖాతాలు. కలిపి రాయకండి.

ఇప్పుడు దూరం గురించి. జీవకణంలో హైడ్రాక్సిల్ రాడికల్ బతికేది కొన్ని నానోసెకన్లు. ఆ లోపల అది కదిలేది నాలుగైదు నానోమీటర్లు, అంతే. డీఎన్ఏ వెడల్పే రెండు నానోమీటర్లు. కాబట్టి డీఎన్ఏని కొట్టే హైడ్రాక్సిల్ దాదాపు డీఎన్ఏ ఇంటి గుమ్మంలోనే పుట్టాలి. దాన్ని ఆపేవాడూ గుమ్మంలోనే ఉండాలి. వీధి చివర నిలబడ్డ కాపలావాడి వల్ల లాభం లేదు. డైమిథైల్ సల్ఫాక్సైడ్ లాంటిది హైడ్రాక్సిల్‌ని చాలా వేగంగా పట్టుకుంటుంది, అయినా అది కరిగి ట్యూబంతా తిరుగుతుంటుంది కాబట్టి కణం లోపలి పరిస్థితిని తలపించాలంటే దాన్ని పదుల మిల్లీమోలార్ లెక్కన పోయాల్సి వస్తుంది. అదే డీఎన్ఏకి అతుక్కునే పెప్టైడ్ మైక్రోమోలార్ స్థాయిలోనే ప్రభావం చూపిస్తుంది.

మా వైపు వాళ్ళకి ఇది శ్రీకాళహస్తి కలంకారీతో చెప్తే వెంటనే అందుతుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద కలంతో పటిక నీళ్ళు గీస్తారు. తర్వాత ఆ గుడ్డని ఎర్ర రంగు నీళ్ళలో వేసి ఉడకబెడతారు. బానలో రంగు గుడ్డంతా తాకుతుంది, కానీ ఎరుపు నిలిచేది పటిక గీసిన చోటే. మిగతా చోట్ల ఉతికితే పోతుంది. బానలో రంగు ఎంత ఉందనేది ఒక ప్రశ్న, గుడ్డ మీద పటిక ఎక్కడుందనేది ఇంకో ప్రశ్న. యాంటీ ఆక్సిడెంట్ విషయంలో చాలామంది మొదటి ప్రశ్న మాత్రమే అడుగుతారు. మీరు చేసిన ప్రయోగం రెండో ప్రశ్న గురించి, అందుకే నాకది ఇంత నచ్చింది.

పటిక పని ఇక్కడ చేసేది విద్యుదావేశం. డీఎన్ఏ వెన్నెముక పొడవునా ఫాస్ఫేట్లు, అన్నీ రుణావేశమే. మీ మూడు లైసిన్ల పెప్టైడ్ చివర అమైడ్ పెట్టించారని రాశారు, మంచి పని చేశారు. అమైడ్ లేకపోతే చివరి కార్బాక్సిల్ రుణావేశం ఒకటి తగ్గించి మొత్తం మూడు ధనావేశాలే మిగిలేవి. అమైడ్ ఉంది కాబట్టి మూడు లైసిన్లూ, మొదటి అమైనో కొసా కలిసి నాలుగు. నాలుగు ధనావేశాలున్నది డీఎన్ఏని గట్టిగా పట్టుకుంటుంది. ఫాస్ఫేట్ల ఆవేశంలో సుమారు 90 శాతం చల్లారితే డీఎన్ఏ తనంతట తాను ముద్దకట్టుకుపోతుందని విల్సన్, బ్లూమ్‌ఫీల్డ్ 1979లోనే చూపించారు. మూడు, అంతకు మించి ధనావేశాలున్న అణువులే ఈ పని నీళ్ళలో బాగా చేయగలవు. మన కణాల్లో ఉండే స్పెర్మీన్ కూడా అలాంటిదే.

ముద్దకట్టడం వల్ల ఏమవుతుంది? కళ్ళంలో పరిచిన వరిగడ్డి మీద వాన పడితే ప్రతి పరకా తడుస్తుంది. అదే గడ్డిని వామి వేస్తే పైపొర తడుస్తుంది, లోపల పొడిగా ఉంటుంది. మీ మొదటి ఫలితం ఇదే. లైసిన్ హైడ్రాక్సిల్‌ని పట్టుకుని తినేయడం వల్ల కోతలు తగ్గలేదు, లైసిన్‌కి ఆ సత్తా పెద్దగా లేదు. డీఎన్ఏని వామి వేసింది, అంతే. నడుమ టైరోసిన్ పెట్టగానే ఆవేశం మూడుకి పడిపోయింది, ముద్దకట్టించే శక్తి తగ్గింది, అందుకే కోతలు మళ్ళీ పెరిగాయి. మీ రెండో ఫలితంలో మొదటి సగం ఇంతటితో తేలిపోయింది.

ఆవేశం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంకో జంట ఉదాహరణ. మన కణాల్లో గ్లూటాథయోన్ అనే మూడు అమైనో ఆమ్లాల పెప్టైడ్ మిల్లీమోలార్ లెక్కన ఉంటుంది. దాని మీద నికరంగా ఒక రుణావేశం. రుణావేశం రుణావేశాన్ని తోస్తుంది కాబట్టి అది డీఎన్ఏ పక్కన బయటికంటే పలచగా ఉంటుంది. ఎమిఫోస్టిన్ అనే మందు ఒంట్లో మారి పుట్టే పదార్థానికి రెండు ధనావేశాలు, అది డీఎన్ఏ చుట్టూ గుమిగూడుతుంది. రెండింటికీ థయాల్ గుంపు (గంధకం, హైడ్రోజన్ జంట) ఉంది, రెండూ హైడ్రోజన్ ఇవ్వగలవు. తేడా అంతా ఎక్కడ నిలబడతాయన్నదాంట్లోనే. 1980ల చివర్లో కాలిఫోర్నియాలో జాన్ వార్డ్, ఫాహీ తదితరులు ఈ తేడాని లెక్కకట్టి చూపించారు.

ఇప్పుడు అసలు రసవత్తరమైన భాగం, టైరోసిన్. నాలుగు బేసుల్లో ఎలక్ట్రాన్‌ని సులువుగా వదులుకునేది గ్వానిన్. పీహెచ్ 7 దగ్గర దాని పొటెన్షియల్ (ఇది ఎంత తక్కువైతే ఎలక్ట్రాన్‌ని అంత సులువుగా ఇస్తుంది) సుమారు 1.29 వోల్టులు, ఎడినైన్‌కి 1.42, సైటోసిన్, థైమిన్‌లకి ఇంకా పైన. డీఎన్ఏలో ఏ చోట ఎలక్ట్రాన్ ఊడినా ఆ ఖాళీ జరుగుతూ జరుగుతూ వచ్చి గ్వానిన్ దగ్గర ఆగుతుంది. రెండు మూడు గ్వానిన్లు వరుసగా ఉన్నచోటైతే మరీను. పల్లపు మడిలోకి నీళ్ళు చేరినట్టు. అలా ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న గ్వానిన్ రాడికల్ వెంటనే చెడిపోదు. శుభ్రమైన ప్లాస్మిడ్ ద్రావణంలో అది హైడ్రాక్సిల్ కంటే లక్షల రెట్లు ఎక్కువసేపు అలాగే ఉంటుంది. ఆ లోపు ఎవరైనా ఒక ఎలక్ట్రాన్ ఇస్తే తిరిగి మామూలు గ్వానిన్ అయిపోతుంది. ఎవరూ ఇవ్వకపోతే నీళ్ళతోనో, సూపర్‌ఆక్సైడ్‌తోనో కలిసి శాశ్వతంగా మారిపోతుంది.

ఎవరివ్వగలరు? టైరోసిన్ పొటెన్షియల్ 0.93 వోల్టుల చుట్టుపక్కల, ట్రిప్టోఫాన్‌ది ఒక వోల్టు చుట్టుపక్కల. రెండూ గ్వానిన్ కంటే కింద ఉన్నాయి కాబట్టి ఇవ్వగలవు. లైసిన్ ఇవ్వలేదు. శాన్‌డియేగోలో మిల్లిగన్, వార్డ్, వాళ్ళతో పనిచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన పని సరిగ్గా ఇదే: ప్లాస్మిడ్, లైసిన్ల మధ్య టైరోసిన్ లేదా ట్రిప్టోఫాన్ ఉన్న చిన్న పెప్టైడ్లు, గామా కిరణాలు, చివర్లో ఎఫ్‌పీజీ. లైసిన్లు పెప్టైడ్‌ని డీఎన్ఏ దగ్గరికి చేరుస్తాయి, టైరోసిన్ ఎలక్ట్రాన్ ఇస్తుంది. మీ రెండో ఫలితంలో మిగిలిన సగం ఇది. కోతలు తగ్గలేదు, ఎందుకంటే కోత చక్కెర దగ్గర పడుతుంది, టైరోసిన్‌కి అక్కడ పనిలేదు. ఎఫ్‌పీజీ చోట్లు తగ్గాయి, ఎందుకంటే గ్వానిన్ బాగుపడింది. లైసిన్ చేసింది అడ్డం నిలబడటం, టైరోసిన్ చేసింది దెబ్బ తగిలాక మానిపించడం. రెండింటినీ "రక్షణ" అనే ఒకే మాట కింద రాస్తే ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

ఎలక్ట్రాన్ ఇచ్చిన టైరోసిన్ సంగతేమిటని మీకు అనుమానం రావాలి. అది తానే రాడికల్ అవుతుంది. కణంలో అయితే విటమిన్ సి, గ్లూటాథయోన్ లాంటివి దాన్ని బాగుచేస్తాయి. మీ ట్యూబులో అవేవీ లేవు. అక్కడ రెండు టైరోసిన్ రాడికల్స్ కలిసి జంటకడతాయి, లేదా పక్కనున్న దేనికైనా అంటుకుంటాయి. ఈ అంటుకోవడం గురించి మాట్లాడాలి.

అంతకు ముందు మీ మూడో ఫలితం, ట్రిప్టోఫాన్‌తో రాత్రంతా ఉంచితే కోతలు పెరగడం. ఇది మీ తప్పు కాదు, రేడియేషన్ తప్పూ కాదు. రేడియేషన్ వల్ల కొన్ని బేసులు పూర్తిగా ఊడిపోతాయి, చక్కెర మాత్రం మిగులుతుంది. పోగు తెగదు, బలహీనపడి ఉంటుంది. లైసిన్-ట్రిప్టోఫాన్-లైసిన్ పెప్టైడ్ అలాంటి చోట్లను వెతికి పట్టుకుంటుంది: బేస్ ఊడిన గుంతలో ట్రిప్టోఫాన్ బల్లపరుపు వలయం వెళ్ళి కూర్చుంటుంది, పక్కనున్న లైసిన్ అమైన్ ఆ చక్కెర మీద పనిచేసి పోగుని తెంపేస్తుంది. 1981లో ఫ్రాన్స్‌లో క్లోడ్ ఎలెన్ బృందం ఈ సంగతి ప్రచురించింది. మూడు అమైనో ఆమ్లాల తునక ఒక ఎంజైమ్ పని చేయడం అప్పట్లో పెద్ద విశేషం, నాకు ఇప్పటికీ విశేషమే. కాబట్టి మీరు చూసిన అదనపు కోతలు కొత్త దెబ్బలు కావు, దాగి ఉన్న దెబ్బలు బయటపడ్డాయి. నిర్ధారించుకోవడానికి కిరణాలే తగలని ప్లాస్మిడ్‌ని కాస్త ఆమ్లంలో వేడిచేసి కొన్ని బేసులు ఊడగొట్టండి, ఆ తర్వాత ఇదే పెప్టైడ్‌తో రాత్రంతా ఉంచండి. అక్కడా కోతలు వస్తే సంగతి తేలిపోయినట్టే.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్పాలి. మీరు అదే గోతి అంచున ఉన్నారేమోనని నా భయం.

తొంభైల్లో నేను పనిచేసిన చోట గామా చాంబర్ లేదు. ప్లాస్మిడ్ ట్యూబులు థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టుకుని, తెల్లవారుజామున తిరుపతి బస్టాండులో బస్సెక్కి, కోబాల్ట్-60 ఉన్న చోటికి వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. ఒడిలో పెట్టె, కింద పెడితే ఇంజను వేడికి ఐసు కరుగుతుందని భయం. ప్రయాణంలో కుదుపులకీ, ఐసు కరిగినందుకూ డీఎన్ఏ కొంత తెగొచ్చు కాబట్టి కిరణాలు తగలని ట్యూబులు రెండు రకాలు ఉంచేవాణ్ణి: ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్నది ఒకటి, నాతో బస్సులో వచ్చి వెళ్ళినది ఒకటి. మీరు కూడా వేరే చోటికి వెళ్ళి చేయించుకుంటుంటే ఈ రెండో కంట్రోల్ తప్పకుండా పెట్టండి. చాలా థీసిస్‌లలో అది ఉండదు.

ఒకసారి నాలుగు లైసిన్ల పెప్టైడ్‌తో చేస్తే కోతలూ పోయాయి, ఎఫ్‌పీజీ చోట్లూ పోయాయి. రెండూ దాదాపు సున్నా. సంతోషంతో ఆ రోజు నిద్ర పట్టలేదు. సెమినార్ స్లైడ్లు కూడా తయారు చేసేశాను. రెండు రోజుల తర్వాత ఆ జెల్‌ని చీకటి గదిలో యూవీ మీద మళ్ళీ పెట్టి చూస్తుంటే, వెల్ (జెల్‌లో శాంపిల్ పోసే గుంత) అంచున దారం మందాన సన్నటి మెరుపు గీత కనిపించింది. పెప్టైడ్ ఉన్న లేన్లన్నింటిలో (ఒక్కో శాంపిల్ నడిచే వరసలు) ఉంది, లేని లేన్లలో లేదు. డీఎన్ఏలో కొంత భాగం ముద్దకట్టి వెల్ దాటి కిందికే రాలేదు. వచ్చినదాని మీద కూడా పెప్టైడ్ అతుక్కునే ఉంది, ఎఫ్‌పీజీకి లోపలికి దారి లేదు. ఎంజైమ్ కోయకపోవడాన్ని నేను గ్వానిన్ బాగుండటంగా చదివాను. మిగిలిన శాంపిల్‌కి ఉప్పు బాగా పెంచి పెప్టైడ్‌ని విడదీసి, డీఎన్ఏని ఆల్కహాల్‌తో దించి, కడిగి, మళ్ళీ ఎంజైమ్ వేశాను. కోతలు తక్కువగానే ఉన్నాయి, అది నిజమైన ఫలితమే. ఎఫ్‌పీజీ చోట్లు మాత్రం గణనీయంగా తిరిగొచ్చాయి. స్లైడ్లన్నీ మార్చాను. మీరు రాసినదాంట్లో పెప్టైడ్‌ని తీసేసిన ప్రస్తావన లేదు. తీసేయకుండా చేసి ఉంటే, మీ ఎఫ్‌పీజీ అంకెల్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

కడిగినా రాని పెప్టైడ్ కూడా ఉంటుంది, ఇంతకు ముందు అన్న అంటుకోవడం అదే. ఎలక్ట్రాన్ పోయిన గ్వానిన్ ఎనిమిదో కార్బన్ దగ్గర ఆకలిగా ఉంటుంది. మామూలుగా నీళ్ళు వచ్చి చేరితే 8-ఆక్సోగ్వానిన్ అవుతుంది. పక్కనే లైసిన్ అమైన్ ఉంటే నీళ్ళ బదులు అదే వచ్చి చేరుతుంది. అప్పుడు గ్వానిన్‌కీ పెప్టైడ్‌కీ మధ్య విడదీయరాని బంధం పడుతుంది. 2006లో గ్రెనోబుల్‌లో కాడే బృందం మూడు లైసిన్ల పెప్టైడ్‌తోనే, అంటే మీ పెప్టైడ్‌తోనే, ఈ బంధాన్ని రసాయనికంగా గుర్తించింది. 8-ఆక్సోగ్వానిన్ తగ్గింది కదా అని మురిసిపోవడానికి లేదు. గ్వానిన్ బాగుపడి తగ్గిందా, పెప్టైడ్‌కి అతుక్కుపోయి తగ్గిందా? కణానికి ఈ రెండోది 8-ఆక్సోగ్వానిన్ కంటే పెద్ద తలనొప్పి. ఒక బేస్ చెడితే చిన్న ఎంజైమ్ వచ్చి మార్చేస్తుంది, ప్రొటీన్ అంటుకుంటే దాన్ని ముక్కలు చేసి తీయాలి, అది తీసేలోపు డీఎన్ఏ నకలు తీసే యంత్రాంగం అక్కడ ఆగిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది. హైడ్రాక్సిల్ పెప్టైడ్‌ని కొడితే, గాలిలోని ఆక్సిజన్ చేరి, పెప్టైడ్ మీద పెరాక్సైడ్ తయారవుతుంది. అది గంటల తరబడి నిలబడగలదు. ఎక్కడైనా రవ్వంత ఇనుమో, రాగో తగిలితే చిట్లి కొత్త రాడికల్‌ని పుట్టిస్తుంది. కణంలో డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద ఏర్పడిన ఇలాంటి పెరాక్సైడ్లు డీఎన్ఏని ఆక్సీకరించగలవని 1999లో మైఖేల్ డేవిస్ వాళ్ళ బృందం చూపించింది. అంటే మీరు ట్యూబు తీసి బెంచీ మీద పెట్టాక కూడా పని జరుగుతూనే ఉంటుంది. కిరణాలు ఆగిన ఎంతసేపటికి జెల్ వేశారో నోట్‌బుక్‌లో నిమిషాల్లో రాయండి.

అతుక్కున్న పెప్టైడ్ మేలే చేస్తుందని గుడ్డిగా నమ్మకూడదని చెప్పడానికి బ్లియోమైసిన్ ఒక్కటి చాలు. ఉమెజావా జపాన్‌లో కనిపెట్టిన కేన్సర్ మందు అది, దాని నిర్మాణంలో పెప్టైడ్ భాగం ఉంది, డీఎన్ఏకి అతుక్కుంటుంది, ఇనుమునీ ఆక్సిజన్‌నీ పట్టుకుని సరిగ్గా ఆ చోటే చక్కెరని కోస్తుంది. గామా కిరణాలు చేసే పనిని కిరణాలు లేకుండా చేస్తుంది. గ్లైసిన్-గ్లైసిన్-హిస్టిడిన్ లాంటి చిన్న తునక కూడా రాగిని పట్టుకుంటే డీఎన్ఏ కోసే కత్తి అవుతుంది. అందుకే మీ బఫర్లలో లోహాలు లేకుండా చూసుకోవడం అంత ముఖ్యం.

మీ ప్లాస్మిడ్ నుంచి కణం దాకా వెళ్తే కథ ఇంకా బాగుంటుంది. మనిషి కణంలో డీఎన్ఏ ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. 147 బేస్ జంటలు ఒక హిస్టోన్ ఉండ చుట్టూ చుట్టుకుని ఉంటాయి, హిస్టోన్ తోకల నిండా లైసిన్, ఆర్జినిన్. అంటే మీ పెప్టైడ్ ప్రకృతి ముందే చేసి పెట్టుకున్నదానికి చిన్న నమూనా. హిస్టోన్లలో టైరోసిన్ ఉంది, ట్రిప్టోఫాన్ మాత్రం లేదు. మీ మూడో ఫలితం చూశాక నాకిది ఊరకే జరిగినట్టు అనిపించదు, ఇది మటుకు నా ఊహే. కేంద్రకాల నుంచి హిస్టోన్లని కడిగేస్తే అదే డోసుకి కోతలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు టార్డిగ్రేడ్ అనే నీటి ప్రాణి నుంచి డీసప్ అనే ప్రొటీన్ తీసి మనిషి కణాల్లో పెడితే ఎక్స్ రే దెబ్బ సుమారు 40 శాతం తగ్గింది. 2019లో అది న్యూక్లియోసోమ్‌కి (డీఎన్ఏ చుట్టుకున్న హిస్టోన్ ఉండ) అతుక్కుని హైడ్రాక్సిల్‌ని అడ్డుకుంటుందని తేలింది. మీ థీసిస్ చివరి అధ్యాయానికి ఈ రెండు పేపర్లూ చదవండి.

ఇక సబ్మిట్ చేసే ముందు చేయాల్సినవి. ఉప్పు ప్రయోగం అన్నిటికంటే ముందు: అదే పెప్టైడ్, అదే డోసు, సోడియం క్లోరైడ్‌ని మెట్లుమెట్లుగా పెంచుతూ పోండి. ఉప్పు ఎక్కువైతే పెప్టైడ్ డీఎన్ఏని వదిలేస్తుంది. దాంతోపాటు రక్షణ కూడా పోతే, అది అతుక్కోవడం వల్లే వచ్చిందని రుజువైనట్టు. ఉప్పు పెంచినా రక్షణ నిలిచే ఉంటే మీరు చూస్తున్నది మామూలు స్కావెంజింగ్ (నీళ్ళలో తిరుగుతూ రాడికల్స్‌ని పట్టుకోవడం). ఈ ఒక్క లేన్ల వరస లేని పేపర్‌ని నేను రివ్యూకి వచ్చినప్పుడు వెనక్కి పంపేవాణ్ణి. రెండోది, లైసిన్-టైరోసిన్-లైసిన్‌కి ఎదురుగా గ్లైసిన్-టైరోసిన్-గ్లైసిన్ పెట్టండి. టైరోసిన్ ఉంది, అతుక్కునే గుణం లేదు. అది కూడా కొనలేకపోతే విడి టైరోసిన్, విడి లైసిన్ అంతే మోతాదులో కలిపి పెట్టినా కొంతవరకు సరిపోతుంది.

వీలైతే థయోసయనేట్ అనే లవణంతో ప్రయోగం కూడా చేయండి. థయోసయనేట్ వేస్తే హైడ్రాక్సిల్ అంతా దాన్నే పట్టుకుని, ఎలక్ట్రాన్ లాగే మరో రాడికల్‌గా మారుతుంది. ఆ రాడికల్‌కి చక్కెర జోలికెళ్ళే శక్తి లేదు, గ్వానిన్ నుంచి ఎలక్ట్రాన్ మాత్రం లాగగలదు. అప్పుడు కోతలు దాదాపు ఉండవు, దెబ్బంతా గ్వానిన్ మీదే. లైసిన్ పెప్టైడ్‌కీ టైరోసిన్ పెప్టైడ్‌కీ తేడా అక్కడ కొట్టొచ్చినట్టు కనిపించాలి. సూపర్‌కాయిల్డ్ బ్యాండ్‌కి (తెగని, మెలిపడ్డ ప్లాస్మిడ్) ఎథిడియం (డీఎన్ఏకి పట్టి మెరిసే రంగు) తక్కువగా పడుతుంది కాబట్టి దాని అంకెని దిద్దుకోవడం మరిచిపోకండి, 1.4 తో గుణించేవాళ్ళు ఎక్కువమంది. లెక్క కట్టేటప్పుడు 37 శాతం సూపర్‌కాయిల్డ్ మిగిలిన డోసు చూడండి, అక్కడ సగటున ఒక్కో ప్లాస్మిడ్‌కి ఒక కోత. పీయూసీ18 అనే ప్లాస్మిడ్ అయితే 2686 బేస్ జంటలకి ఒకటి అన్నమాట.

మీ పెద్దమ్మ విషయానికొస్తాను. మీరు ట్యూబులో వేసిన పెప్టైడ్ సరాసరి డీఎన్ఏ పక్కన పడింది. తాగిన పెప్టైడ్ కడుపులో, పేగుల్లో అరిగి అమైనో ఆమ్లాలుగా, రెండు మూడు అమైనో ఆమ్లాల తునకలుగా మారి రక్తంలోకి పోతుంది. డబ్బా మీద ఏం రాసి ఉన్నా, అది కణం గోడ దాటి, కేంద్రకంలోకి వెళ్ళి, డీఎన్ఏకి అతుక్కోదు. ఒకవేళ వెళ్ళగలిగినా మనకి కావాల్సింది అది కాదు. చికిత్సలో రోజూ ఇచ్చేది చాలావరకు 2 గ్రే (రేడియేషన్ డోసు కొలత) చుట్టుపక్కల. ఒక గ్రే పడితే ఒక్కో కణంలో సుమారు వెయ్యి ఒంటిపోగు కోతలు, 20 నుంచి 40 దాకా జంటపోగు కోతలు పడతాయి. కణితి చచ్చేది ఆ జంటపోగు కోతల వల్లే. కాపాడే పదార్థానికి ఇది మంచి కణం, ఇది కణితి కణం అని తెలియదు. 2005లో కెనడాలో తల, మెడ కేన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్నవాళ్ళ మీద విటమిన్ ఈ, బీటా కెరోటిన్ పరీక్షించారు. దుష్ప్రభావాలు కొంత తగ్గాయి, కానీ కణితి తిరగబెట్టడం ఎక్కువయ్యే ధోరణి కనిపించింది. ఎమిఫోస్టిన్ లాంటి మందు మామూలు కణజాలంలోనే ఎక్కువగా క్రియాశీలం అవుతుంది కాబట్టి దాన్ని వాడటానికి ఒక ఆధారం ఉంది, అదీ డాక్టరు చేతిలో, బీపీ చూసుకుంటూ.

ఆమెకి కావాల్సిన ప్రొటీన్ గుడ్డు, పప్పు, పెరుగుతో వస్తుంది. నోరు పుండుపడి మింగలేకపోతుంటే ఆ మాట డాక్టరుతోనూ, అక్కడి డైటీషియన్‌తోనూ చెప్పండి, వాళ్ళు ఏదైనా పొడి రాసిస్తే అది వాడండి. రోజువారీ సిట్టింగ్ ఒక్కటి కూడా మానకుండా చూడండి, మధ్యలో రోజులు పోతే కణితికి కోలుకునే వ్యవధి దొరుకుతుంది. చిత్తూరు నుంచి రోజూ తిరగడం కష్టమైతే ఆసుపత్రి దగ్గర గది చూసుకోవడం మేలు.

ఉప్పు లేన్ల జెల్ అయ్యాక ఫోటో ఇక్కడే పెట్టండి. వెల్ అంచులు కత్తిరించకుండా, మొత్తం జెల్ పెట్టండి.